రెండో ముక్క మైసూర్ పాక్

ఈ రోజు పదో తరగతి రిజల్ట్స్ వచ్చాయి. మా అమ్మాయికి ఐదువందల డెబ్బై మార్కులు! మైసూర్ పాక్ డబ్బా పట్టుకుని, హిందూపురంలో మా వీధి చివర పప్పుల అంగడి నడిపే అన్న దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని మొదలుపెట్టాడు.

"మా కాలంలో ఫస్ట్ క్లాస్ వస్తే ఊరంతా చెప్పుకుంటాండ్రి. ఇప్పుడేముండాదమ్మా, మార్కులు ఊరికే పంచుతాండారు."

చలికాలమంతా తెల్లవారకముందే లేచి చదివిన పిల్ల ముఖం వాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఫోన్‌లో ఉన్న ఈ ఏడాది లెక్కల పేపర్ తెరిచి ఆయన ముందు పెట్టాను.

"ఒక్కటి చెయ్యన్నా, చూస్తాం."

"కళ్ళద్దాలు ఇంట్లో ఉండాయి."

నావి తీసి ఇచ్చాను. సంచిలో చెయ్యి పెడితే ఎర్ర బంతి వచ్చే సంభావ్యత ఎంత అన్న లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాడు.

"ఇవన్నీ మా కాలంలో లేవమ్మా."

"మరి నువ్వు చదవని లెక్కలు సులభమని నీకెట్ల తెలిసెన్నా?"

ఆయన చెయ్యి మళ్ళీ డబ్బా వైపు వచ్చింది. నేను మూత పెట్టేశాను. రెండో ముక్క ఆ లెక్క చేసినాకేనని చెప్పి వచ్చేశాను.

ఆయనా కష్టపడే చదివి ఉంటాడు, కాదనను. కానీ తను గెలిస్తే తెలివి, మా పిల్ల గెలిస్తే పేపర్ సులభమా?

డబ్బాలో ఇంకా సగం ఉంది. మా కాలమే కష్టమనేవాళ్ళు ఎవరైనా మా ఇంటికి రావచ్చు. పేపర్, పెన్ను సిద్ధంగా పెట్టాను.