అబ్రాహాంగారి రాతికి తగిన మాట

డేవిడ్‌రాజుకు ఇంగ్లీషు బడిలో రాలేదు, రాతి మీద వచ్చింది. పలాస దగ్గర తమ చర్చి సంఘంలో ఎవరు పోయినా సమాధి రాయి చెక్కేది అతనే. కలవాళ్ల ఇంట చావు వచ్చినప్పుడల్లా కాగితం మీద కొత్త ఇంగ్లీషు మాటొకటి వచ్చేది. అర్థం తెలియని అక్షరం మీద ఉలి పెట్టడం అతని ఒంటికి పడదు. డిక్షనరీ తిరగేసి నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాడు. రిచ్ అంటే ఉన్నవాడు. అఫ్లుయెంట్ అంటే పొంగిపొర్లేంత ఉన్నవాడు. మాగ్నేట్ అంటే ఒక వ్యాపారమంతా గుప్పిట్లో పెట్టుకున్నవాడు. ఫిలాంత్రపిస్ట్ అంటే ఉన్నది పదిమందికీ పెట్టేవాడు.

ఈ ఆఖరి మాటను పాల్ తెచ్చాడు, జీడిపప్పు ఫ్యాక్టరీ ఆసామి అయిన తన తండ్రి అబ్రాహాంగారి రాయి కోసం.

కాగితం చూడగానే డేవిడ్‌రాజు పిడికిలి సుత్తి మీద బిగిసింది. ఇరవై రెండేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర, పప్పు దొంగిలించావంటూ అబ్రాహాం అతని తల్లి దానమ్మ కొంగుముడి అందరి ముందూ విప్పించాడు. సగం కాలిన చుట్టముక్క రాలింది. కాపలావాళ్లు పగలబడి నవ్వారు. తప్పయిందనలేదు సరికదా, మర్నాటి నుంచి పనికి రావద్దన్నాడు.

"ఏటన్నా, అలా సూస్తన్నావు? మాట బాగులేదేటి?" అన్నాడు పాల్.

"మా బాగున్నాది బాబూ. ఆదివారం సదివేద్దాం."

సమాధుల తోట అందరిదీ. అందుకని రాతి మీద ఎక్కే మాటను చెక్కేవాడు ముందుగా ఆరాధన అయ్యాక బయటికి చదివి, తెలుగులో అర్థం చెప్పాలి. ఎవరూ కాదనకపోతేనే ఉలి పట్టాలి. అది ఆ సంఘం కట్టుబాటు.

ఆదివారం డేవిడ్‌రాజు రాతికెక్కే పేరు, తేదీలు చదివి, ఆఖరి మాటకొచ్చాడు.

"ఫిలాంత్రపిస్ట్. అంటే తన కలిమి పేదోళ్లకి పెట్టినోడు. ఆయన సేతి కూడు తిన్నోళ్లెవరైనా నిలబడండి, రేపే సెక్కేస్తాను."

చాపల మీద ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి దానమ్మ లేచింది. పాల్ ముఖం విప్పారింది.

"నానేటీ తిన్లేదు," అంది దానమ్మ. "గేటుకాడ నా కొంగు ఇప్పించాడు, అందుకు లెగిసాను. ఇంకెవరెవరివి ఇప్పించాడో ఆళ్లూ లెగండి."

ఒకామె లేచింది. పక్కనున్నామె లేచింది. పదకొండుమంది నిలబడ్డారు.

"ఆ మాట తీసెయ్యన్నా," అన్నాడు పాల్, తల ఎత్తకుండా.

"తీసేస్తాను. ఎవులూ కాదనలేని మాట ఇంకోటున్నాది. రిచ్. అంటే ఉన్నోడు. కాదన్నోళ్లున్నారేటి?"

"ఉన్నోడే, ఉన్నోడే!" అన్నారు వెనకనుంచి. పాస్టరుగారికి తలూపక తప్పలేదు.

మామూలుగా డేవిడ్‌రాజు అక్షరం బియ్యపుగింజ లోతు. ఈ నాలుగు ఇంగ్లీషు అక్షరాలకూ రెండు రోజులు కూర్చున్నాడు. రాయి చూడవచ్చిన పాల్ అక్షరంలో వేలు పెడితే కణుపు దాకా దిగింది.

"ఇంత లోతెందుకన్నా?"

"నీ మనవలు కూడా సదవాల గదా బాబూ," అన్నాడు డేవిడ్‌రాజు, ఉలి తుడుచుకుంటూ.