మెటల్ బ్యాండుకి పెద్దమ్మ భోజనం

ఇన్నేళ్ళూ ఫోన్లో చూసి తల ఊపడమే తప్ప, హెవీ మెటల్ బ్యాండుని కళ్ళారా చూసే యోగం నాకు ఈ సాయంత్రమే పట్టింది. హైదరాబాద్ కుర్రాళ్ళు, దిండి రిసార్టులో ప్రోగ్రాం. పొద్దున్న వాళ్ళకి అమలాపురం చూపించే పని రిసార్టు వాళ్ళు నాకు అప్పజెప్పారు. కాలవలు, కొబ్బరితోటలు అన్నీ తిప్పాను. నేను చేసిన తప్పల్లా, మధ్యాహ్నం మా పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళడం.

చొక్కాల మీద పుర్రెలు, నడుము దాకా జుట్టు. పెద్దమ్మ అవేవీ పట్టించుకోలేదు. ఆవిడకి కనపడినవి వాళ్ళ డొక్కలే. పనసపొట్టు కూర, ముద్దపప్పు, బొబ్బట్ల మీద నెయ్యి. చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించింది.

"మొహమాటపడకండి బాబూ, ఇంకొక్కటే!"

సాయంత్రం గిటారు ఉరిమింది. గాయకుడు తల వెనక్కి విరిచి, గర్జించడానికి నోరు తెరిచాడు. మైకులో పెద్ద త్రేన్పు వచ్చింది. అదే పాట మొదలనుకుని అందరం చప్పట్లు కొట్టాం. రెండో పాటకి బ్యాండు వాళ్ళు కుర్చీలు అడిగారు. జుట్టు విదిలించినవాడు ఒక్కడూ లేడు. మూడోది జోలపాటలా సాగింది.

మాతోపాటే వ్యానెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మని, ఎలా ఉందని అడిగాను.

"బాగానే పాడేరురా. కానీ పాపం, ఓపిక లేదు. సరిగ్గా తినలేదని నే అప్పుడే చెప్పేను కదా! రాత్రికీ మనింటికే తీసుకొచ్చెయ్."

వ్యాను ఇప్పుడు అటే వెళుతోంది. కళాకారులకి పాడాకే భోజనం పెట్టాలని ఆవిడకి చెప్పే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా? ఉంటే రండి, ముందు మీకూ ఓ విస్తరి వేస్తుంది.