గంగులు మావ పళ్ళ లెక్క

ఎదురుగా మనిషి కనబడితే ఎవరైనా ముందు ముఖం చూస్తారు. గంగులు పళ్ళు చూస్తాడు. మానాపురం పశువుల సంతలో ముప్పయ్యేళ్ళుగా బేరాలు కుదురుస్తున్న మనిషి. ఎద్దు మూతి పట్టుకుని, కింది పెదవి లాగి, "రెండు పళ్ళు", "నాలుగు పళ్ళు" అని వయసు తేల్చేస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. సంత దాటి వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు, అదీ చిక్కు. దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదని సామెత. ఎంచకపోతే వయసెలా తెలుస్తుందని గంగులు వాదన.

ఒకసారి పన్ను నొప్పెట్టి విజయనగరం వెళ్ళాడు. డాక్టరు నోరు తెరవమంటే, "ముందు తవురు తెరవండి బాబూ. సొంత పళ్ళు ఎలాగున్నాయో సూసుకుని కూకుంటాను" అన్నాడు. పన్ను పీకకుండానే పంపేశారు.

అన్న కూతురు రేఖ పెళ్ళిచూపుల్లో మరీ ఘోరం. అబ్బాయికి ముప్పై అని మధ్యవర్తి చెబుతున్నాడు. గంగులు ఆ అబ్బాయి చేతికి లడ్డూ ఇచ్చి, అతను నములుతుంటే వంగి చూశాడు. "ముప్పయ్యేటి బాబూ? పళ్ళన్నీ అరిగిపోనాయి. నలభై దాటిపోనాది!" పెళ్ళివారు కాఫీ ముట్టకుండా లేచారు. నలభై రెండని మర్నాడు తెలిసింది. దాంతో గంగులుకి పట్టపగ్గాల్లేవు.

ఆయనకి మేనకోడలు గౌరి అంటే ప్రాణం. గౌరికి పశువైద్యం చదవాలని కోరిక. అడ్డం వచ్చింది మార్కుల కాగితాలే. పదిలో లెక్కలు తప్పింది. ఇంటర్ మొదటి ఏడు ఫిజిక్సు తప్పింది. రెండూ మళ్ళీ రాసి గట్టెక్కింది. ఆ ఏడే వాళ్ళ ఆవు ఈనలేక, డాక్టరు వచ్చేలోగా చచ్చిపోయింది. గౌరి రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు పుస్తకం పట్టింది, ఇక వదల్లేదు. రెండో ఏడు మంచి మార్కులు, ఇంకో ఏడాది ఇంట్లో చదివి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు. అయినా దరఖాస్తు పెట్టదు. పాత మార్కులు చూసి నవ్వుతారని భయం. పది తప్పిన నాటినుంచి ఆ పిల్ల నోరారా నవ్వలేదు.

గంగులు రోజూ వాళ్ళ గుమ్మంలో నిలబడేవాడు. "ఒలే గౌరీ, పళ్ళు సూపించు!"

"నానేటి దూడనా మావా?" అని గౌరి మూతి బిగించేది.

దరఖాస్తుకి ఆఖరి రోజున ఆమెని గజపతినగరం నెట్ సెంటరుకి లాక్కెళ్ళాడు. సెంటరు నడిపే ధనరాజు కాగితాలు స్కాన్ చేస్తూ ఆగాడు. "రెండుసార్లు తప్పినాది. డాక్టరు సీటేటి గంగులు మావా?"

గౌరి కాగితాలు లాక్కోబోయింది. ఈలోగా గంగులు ధనరాజు గడ్డం పట్టేశాడు. "నోరిప్పు. అబ్బ! గుట్కా పళ్ళు. సంతలో నిన్నెవుడూ కొనడు గాని, నొక్కరా బటను!"

ధనరాజు నొక్కాడు.

సర్టిఫికెట్ల తనిఖీ రోజు బల్ల వెనకాల అనూరాధ మేడం కూర్చుంది. ఆవిడ పశువైద్య కాలేజీలో పాఠాలు చెప్పే డాక్టరు. కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "పదిలో తప్పావు, ఇంటర్లో తప్పావు. తర్వాత ఈ ర్యాంకా?" ఆవిడ అడిగింది ఆశ్చర్యంతోనే. గౌరికి మాత్రం అది వెక్కిరింతలా వినబడింది. ఇక వెనక్కి పంపేస్తారనుకుంది.

వెనకాల నుంచి గంగులు అన్నాడు: "అయ్యి పాలపళ్ళమ్మా."

"ఏంటండీ?"

"దూడకి ముందొచ్చినవి పాలపళ్ళు. అయ్యి సూసి ఎద్దుకి ఎవులైనా బేరం కడతారేటి? అయ్యి ఊడిపోతాయి. తరవాతొచ్చినవే నెక్క. మా పిల్ల రెండో ఏడు పళ్ళు సూడండి, పరీచ్చ పళ్ళు సూడండి!"

ఆవిడ పెన్ను కిందపెట్టి పకపకా నవ్వింది. గంగులు అలవాటుకొద్దీ ముందుకి వంగాడు. "తవురికి..."

"మావా!" గౌరి చొక్కా పట్టి లాగింది.

"నా వయసు చెప్పకండి బాబూ," అంటూ మేడం సంతకం పెట్టేసింది. "అమ్మాయీ, పళ్ళ పాఠం మాకూ ఉంటుంది. మీ మామయ్య దగ్గర ముందే నేర్చుకుని రా."

నెల తిరక్కుండా ఫోనుకి మెసేజీ వచ్చింది. గరివిడి కాలేజీలో సీటు. గౌరి మూడుసార్లు చదువుకుని గంగులు ఇంటికి పరిగెత్తింది. ఆయన అరుగు మీద ఎద్దుకి పలుపుతాడు పేనుతున్నాడు. కబురు చెప్పి, పక్కన కూర్చుని అడిగింది.

"మావా, మనిసి పళ్ళు సూస్తే నిజంగా వయసు తెలుస్తాదేటి?"

"తెలవదే."

"మరి రేఖని సూడ్డానికొచ్చినోడిది?"

"ఆడు జుత్తుకి రంగేసినాడు. సెవి ఎనకాల మర్సిపోనాడు."

"మరి రోజూ నా పళ్ళెందుకు అడుగుతావు?"

గంగులు పలుపు పక్కన పెట్టాడు. "మనిసి పళ్ళు కనబడాలంటే నవ్వాల కదే. నీయి సూసి నాలుగేళ్ళయిపోనాది."

గౌరికి ఏడుపు రాబోయి, నవ్వొచ్చేసింది.

గంగులు చటుక్కున వంగి చూశాడు. "అన్నీ ఉన్నాయి. ఇంక కాలేజీకి తోలీయొచ్చు."