ఒకే సైజు డిస్కులు

మారతహళ్ళిలో కంప్యూటర్లు బాగుచేసే శశికళ పనికి కూర్చుంటే గాజులు మోచేతి దాకా ఎగదోసుకునేది, మాట్లాడేది కాదు. 2005లో ఒకరోజు నేతపని వెంకటేశప్ప పన్నెండేళ్ల చీరల డిజైన్లున్న పాత డిస్కు తెచ్చాడు. వెడల్పాటి కేబుల్‌తో దాన్నీ, సన్నటి కేబుల్‌తో కొత్త సాటా డిస్కునూ ఒకే కంప్యూటర్‌కు తగిలించి, ఆ డిజైన్లు ఎక్కించడానికి కొత్తదాన్ని తుడిచి ఫార్మాట్ చేయబోయింది. తెరమీద రెండూ ఎనభై జీబీలే. జాబితాలో పైనున్నదే కొత్తదనుకుని మీట మీద వేలు పెట్టింది. పక్కన ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆమె చేయి ఆగింది. కంప్యూటర్ ఆపి, పాత డిస్కు కేబుల్ పీకేసి మళ్ళీ చూసింది. పైనున్నది మాయమైంది. అది పాతదే!

"ఏమాయెనమ్మా?"

"ఇంకొంచెంలో మీ డిజైన్లన్నీ చెరిపేసుంటినప్పా. తప్పు నాదే," అంది.

వెంకటేశప్ప పాత డిస్కును తీసుకున్నాడు. "కానీమ్మా. నువ్వు పిలిచేదాకా ఇది నా ఒళ్ళోనే ఉంటాది."