ఊగే లోయ

ఆవిడకు ఎత్తంటే గుండెదడ. చిన్నప్పుడు అటకకు వేసిన నిచ్చెన జారి కిందపడింది మొదలు, స్టూలెక్కి బల్బు మార్చడం కూడా ఆవిడ వల్ల కాలేదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చెట్ల ఎత్తు చెప్పడం. అది తల్చుకున్నప్పుడల్లా మొగుడికి నవ్వాగేది కాదు.

ఉపగ్రహం పంపే రాడార్ తరంగాల్లో కొన్ని చిటారుకొమ్మలను తాకి వెనుదిరుగుతాయి; కొన్ని ఆకుల సందుల్లోంచి నేలదాకా దిగి వస్తాయి. ఒకే చోటి మీదుగా ఉపగ్రహం రెండుసార్లు వెళ్లినప్పుడు అందిన లెక్కలు పక్కపక్కన పెట్టి, అక్కడి అడవి ఎంత ఎత్తుందో ఆవిడ అంచనా కట్టేది. ఏళ్ల తరబడి తెరమీది బూడిదరంగు మచ్చల్లో తిరిగీ తిరిగీ, ఎన్నడూ అడుగుపెట్టని ఆ అడవి ఆవిడకు కలలో చూసిన ఊరిలా అయిపోయింది.

ఒక్క లోయ మాత్రం మాట వినేది కాదు. ఓసారి అన్నీ పొదలే అనేది, ఓసారి మహావృక్షాలనేది. విసుగెత్తి, తానే వెళ్లి చూసొస్తానంది.

లోయలో చెట్లను మించిన ఇనుప టవర్ ఉంది. దాన్ని చూసుకునే మనిషిని అందరూ ఉడుతక్క అంటారు. పైనుంచి టేపు జారవిడిచి ఎత్తు కొలుస్తానని, కింద కూర్చోమని చెప్పి ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. ఆవిడ బుద్ధిగా కూర్చుంది. పొగమంచు కమ్మి ఉంది. చూస్తుండగానే ఉడుతక్క పాదాలు ఆ తెల్లదనంలో కరిగిపోయాయి. ఏమనిపించిందో ఏమో, ఆవిడ లేచి మొదటి మెట్టు పట్టుకుంది.

నేల కనబడకపోయేసరికి భయానికి కూడా దారి తెలియనట్టుంది. పైకి చేరాక ఉడుతక్క ఆవిడ జబ్బ పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది.

"కిందికి మాత్రం చూడకండమ్మా."

"చూడ్డానికేముంది, అంతా పాలు ఒలికినట్టుంటే."

మెల్లగా గాలి లేచింది. మంచు చిరుగుల్లోంచి చెట్ల తలలు ఒక్కటొక్కటే బయటపడ్డాయి. మొదట బూడిదరంగు, అచ్చం తన తెరలాగే. తర్వాత పచ్చన. గట్టు మీది చెట్లు కదలకుండా నిలబడితే, లోయలోవి మాత్రం నిద్రలో ఒత్తిగిల్లుతున్నట్టు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"ఇక్కడెప్పుడూ ఇంతేనా?"

"తెల్లవారేటప్పుడు కాస్త ఊరుకుంటాయి. పొద్దెక్కితే ఇంతే," అంటూ ఉడుతక్క పక్క చెట్టు తల దగ్గర్నుంచి టేపు జారవిడిచి ఎత్తు చెప్పింది.

ఉపగ్రహం వచ్చిన ప్రతిసారీ కొమ్మలు మరోచోట ఉంటే రెండు లెక్కలూ ఎలా కలుస్తాయి? ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నేల కనబడి రెండు చేతులా ఇనుప కడ్డీని కరుచుకుంది. దిగుతున్నంతసేపూ ఉడుతక్క ఆవిడ పాదాలను చంటిపిల్లవాటిలా పట్టుకుని మెట్టు మీద ఆనించింది.

తిరిగొచ్చాక, తెల్లవారుజామున ఉపగ్రహం తీసిన లెక్కలనే ఏరి మళ్లీ అంచనా కట్టింది. లోయ తలెత్తింది, టేపు చెప్పినంత ఎత్తుకు. ఆ వారమంతా కుర్చీలో కదలకుండా కూర్చున్నా ఆవిడకు ఒళ్లు నెమ్మదిగా ఊగుతున్నట్టే ఉండేది.