ఎర్ర గీత లేని ఫొటో

ప్రింటింగ్ షాపులో ఆమెను అందరూ బ్లీడక్క అంటారు. అసలు పేరు జీతమిచ్చే ఓనరుకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఎవరు డిజైన్ తెచ్చినా, అది ఎంత ముచ్చటగా ఉన్నా, ఆమె మొదట అడిగేది ఒక్కటే. "బ్లీడ్ వదిలారా?" అంచుదాకా రంగు కనిపించాలంటే కోత గీత దాటి ఇంకాస్త రంగు పోయాలి. ఆ కాస్తనే బ్లీడ్ అంటారు. అది లేకపోతే కోసినప్పుడు పక్కన తెల్లటి పీలిక ఒకటి పళ్ళికిలిస్తూ మిగులుతుంది. ఇంట్లో కూర్చుని సొంతంగా డిజైన్ చేసుకుని, "ఏముంది మేడమ్, కొట్టేయడమేగా" అంటూ వచ్చిన మహానుభావులు చాలామంది ఆ ఒక్క ప్రశ్నతో వచ్చిన దారినే వెళ్ళారు.

షాపుల గుమ్మాల్లో మనిషెత్తున నిలబడే బ్యానర్లు మీరూ చూసే ఉంటారు. కింద రేకు పెట్టె, అందులో స్ప్రింగు. తెరను పైకి లాగి వెనక కడ్డీకి తగిలిస్తే నిలబడుతుంది. దాన్ని స్టాండీ అంటారు. ఆ పనిలో బ్లీడక్కది అందె వేసిన చెయ్యి. కింద జానెడు మేర పెట్టెలోకి పోతుంది కాబట్టి అక్కడ ఫోన్ నంబరు వేయకూడదని కస్టమర్లకు చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. అయినా వాళ్ళు నంబరు అక్కడే వేయమంటారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. కస్టమరు ఫొటో ఖరారు చేసేలోగా ఆ చోటు ఖాళీగా వదిలితే డిజైన్ ఎలా ఉంటుందో వాళ్ళ ఊహకు అందదు. అందుకని అక్కడ ఒక డమ్మీ ఫొటో పెడతారు. డమ్మీ అన్నాక మొహం మీద అడ్డంగా ఎర్ర గీత ఉండి తీరాలి. గీత కనిపిస్తే మెషీన్ దగ్గరున్నతను ప్రింటు కొట్టడు. కనిపించకపోతే కళ్ళు మూసుకుని కొట్టేస్తాడు. అది అతని పని, అతన్ని అనడానికేం లేదు.

బ్లీడక్క డమ్మీ ఎవరో కాదు, సొంత చెల్లెలే. చాలా ఏళ్ళ క్రితం షాపుకు మంచి కెమెరా వస్తే ఇంటికి పట్టుకెళ్ళి, ముందుగదిలో తెల్లగోడ దగ్గర చెల్లెల్ని నిలబెట్టి తీసింది. ఓ చెయ్యి పక్కకు చాచి "ఇదిగో చూడండి" అన్నట్టు నవ్వుతూ ఉంటుంది ఆ పిల్ల. ఆ చేతి పక్కన ఏది పెట్టినా అమరిపోయేది. ఫ్రిజ్జు పెట్టినా సరే, పళ్ళ డాక్టరు పేరు పెట్టినా సరే. చివరికి కొనుక్కొచ్చిన మోడల్ ఫొటో వచ్చేది, చెల్లెలు తప్పుకునేది.

"ప్రతిసారీ పెడతావు, ప్రతిసారీ పీకేస్తావు. నా బతుకంతా డమ్మీయేనా అక్కా?" అని చెల్లెలు ఉడికించేది.

"నీ మొహానికి అదే ఎక్కువ," అనేది అక్క.

ఆ చెల్లెలు జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

అందరూ ఏడ్చారు. బ్లీడక్క ఏడవలేదు. ఏడవకూడదని పంతం పట్టి కాదు, ఏడుపు రాలేదంతే. ఫ్రేము కట్టించడానికి బంధువులెవరో ఫోన్లోంచి ఒక ఫొటో తీసి ఇస్తే, దాన్ని అటూ ఇటూ పెద్దది చేసి చూసి, "ఇది ప్రింట్లో చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది. ఇంతకన్నా పెద్ద ఫైలు లేదా?" అంది. తల్లి తలెత్తి పెద్దకూతుర్ని చూసిన చూపు అక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోలేదు. అన్నిటికన్నా పెద్ద ఫైలు తన కంప్యూటర్లోనే ఉందని బ్లీడక్కకు తట్టనేలేదు. అది ఆమెకు చెల్లెలి ఫొటో కాదు, డమ్మీ.

ఆ రోజు నుంచీ తల్లి ఆమెతో మాట్లాడటం మానేసింది. ఉండేది ఒకే ఇంట్లో. "గిన్నెలో పెట్టి ఉంది" అని గోడకు చెప్పేది, ఈమె వెళ్ళి తినేది. గోడకే "తలుపు వేసుకోవాలి" అనేది, ఈమె లేచి వేసేది. కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కిన కాలు మనదే అయినా మనది కానట్టుంటుంది చూడండి, బ్లీడక్క మనసు అలా ఉండేది. బాధ లేదు. అసలు ఏమీ లేదు. పనిలో మాత్రం ఒక్క తప్పు చేయలేదు.

చేసింది ఒకటే. తిరిగి షాపుకు వెళ్ళిన మొదటిరోజు డమ్మీ ఫైలు తెరిచింది. చెల్లెలు నవ్వుతోంది, మొహం మీద అడ్డంగా ఎర్ర గీత. ఆమె కాసేపు చూసి, ఆ గీతను తీసేసి, ఫైలు సేవ్ చేసింది. ఎందుకు తీసిందో ఆలోచించలేదు. తర్వాత కాఫీ తాగి పనిలో పడింది.

ఆ తర్వాత పరుపుల షాపు స్టాండీ వచ్చింది. "హాయిగా పడుకోండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్న మాట పెద్ద అక్షరాల్లో, దాని పక్కన డమ్మీ. ప్రూఫు పంపితే పరుపులాయన ఫోన్లోనే చూసి "అదిరింది, కొట్టేయండి" అన్నాడు. ఫొటో మార్చాలన్న సంగతి ఆయనకు పట్టలేదు, ఈమెకు గుర్తు రాలేదు, మెషీన్ దగ్గరతనికి గీత కనిపించలేదు. కొట్టేశారు.

వారం తిరక్కుండా ఓనరు నవ్వు మొహంతో ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "పరుపులాయన అన్ని బ్రాంచీలకీ అదే కావాలంటున్నాడు. ఆ అమ్మాయి మొహం కలిసొచ్చిందట. మన డమ్మీయేగా, హక్కుల గొడవ కూడా లేదు."

ఆ డమ్మీ ఎవరో ఆయనకు తెలియదు. అన్నేళ్ళుగా రోజూ చూసిన మొహమే, అయినా ఎవరని ఒక్కరూ అడగలేదు.

"ఆ అమ్మాయి వద్దండీ," అంది బ్లీడక్క.

"ఏం, అభ్యంతరం చెప్పిందా?"

"లేదు. వేరే మోడల్ పెట్టి ఇస్తాను. అక్కడున్నదీ నేనే వెళ్ళి మార్చొస్తాను."

ఓనరు గొణిగాడు కానీ, బ్లీడక్క ఓ మాట అందంటే వెనక్కి తీసుకోదని ఆయనకు తెలుసు. ఆమె వేరే మోడల్‌తో కొత్త స్టాండీ తయారు చేయించి, సంచీలో పెట్టుకుని పరుపుల షాపుకు నడిచింది. ఆఫర్లు అయిపోయాక స్టాండీల గతి ఏమిటో ఆమెకన్నా ఎవరికి తెలుసు? వానకు తడవకుండా మోటారు సైకిళ్ళ మీద కప్పుతారు. సిమెంటు బస్తాల కింద పరుస్తారు.

గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. సరిగ్గా తన ఎత్తునే. ఎదురుగా, కొనేవాళ్ళు చూడ్డానికి వేసిన పరుపు మంచం మీద, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, తల్లి కూర్చుని ఉంది.

"మీకు తెలిసినావిడా మేడమ్?" అని సేల్స్ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "రోజూ షాపు తెరవగానే వస్తున్నారు. పరుపు చూస్తానంటారు. పరుపు వైపు చూడరు. ఏమీ అనబుద్ధి కాలేదు."

బ్లీడక్క వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. మంచం కాస్త కుంగింది.

"నువ్వేనా పెట్టింది?" అంది తల్లి. గోడకు కాదు, ఆమెకే.

"పొరపాటున పడిందమ్మా."

"నువ్వు పొరపాట్లు చేయవుగా."

"పని మధ్యలో దాని ఫొటో పెట్టేదాన్ని. ప్రింటు కాకుండా మొహం మీద ఎర్ర గీత ఉండేది. చెల్లి పోయాక ఆ గీత అలా ఉంచలేకపోయాను. తీసేశాను. అందుకే ప్రింటైపోయింది."

తల్లి గుమ్మంలోని స్టాండీ వైపు చూసింది. తర్వాత అడిగింది. "ఇప్పుడు తీసేస్తావా?"

"తీసేయాలి. లేకపోతే రేపు దేనిమీదో కప్పుతారు."

తల్లి లేచి చెప్పులేసుకుంది. "పద."

స్టాండీ దించడం చూడ్డానికి సులువే. కడ్డీ నుంచి విప్పగానే స్ప్రింగు తెరను లాగేస్తుంది. వదిలేస్తే టప్పున పెట్టెలోకి వెళ్ళి పడుతుంది, తెర చిరిగినా చిరుగుతుంది. రెండు చేతులతో పైపట్టీ పట్టుకుని కొంచెం కొంచెంగా దించాలి. ఎన్ని దించిందో ఆమెకు లెక్కే లేదు. విప్పింది. కాళ్ళు పెట్టెలోకి వెళ్ళాయి. నడుము వెళ్ళింది. చాచిన చెయ్యి వెళ్ళింది.

"నెమ్మదిగా," అంది తల్లి, చిన్నది నిద్రలో ఉన్నట్టు.

మొహం పెట్టె అంచుదాకా వచ్చేసరికి బ్లీడక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అక్కడ ఆమె చేతులు ఆగిపోయాయి. చెల్లెలు చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ తెలిసిన విషయమే, ఇప్పుడు వచ్చి గుండెలో దిగింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, అది తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు. స్ప్రింగు కిందికి లాగుతూనే ఉంది. పట్టీ వదిలితే ఆ మొహం ఒక్క దెబ్బన లోపలికి పోతుంది. ఆమె వదల్లేదు. ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తల్లి పక్కన కూలబడి, అరచేత్తో పెద్దదాని మొహం తుడిచింది. మళ్ళీ తడిసింది. మళ్ళీ తుడిచింది.