సరేగానీ బాబాయి వేసిన ఒకటి

మా బాబాయిని ఆఫీసులో అందరూ సరేగానీ గారంటారు. ఎదురుగా అనరు, అయినా ఆయనకు తెలుసు. ఏ మాటకైనా ముందు సరే అనడం, వెంటనే గానీ తగిలించడం ఆయన అలవాటు. గొడుగు పట్టుకెళ్ళమంటే సరేగానీ వాన రాకపోతేనో అంటాడు. వద్దంటే సరేగానీ వస్తేనో అంటాడు. చివరికి గొడుగు గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తిరిగొస్తుంది, ఆయన తడిసి వస్తాడు. మేముండేది పై వాటాలో, బాబాయీ పిన్నీ కింద వాటాలో. కాబట్టి ఈ గానీలన్నీ మెట్ల మీదుగా రోజూ నా చెవిన పడుతుంటాయి. ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది.

ఇలాంటి మనిషికి సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళు సరుకు కొనే పని ఎందుకు అప్పగించారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆయన కొనేవాటిలో ముఖ్యమైనవి సబ్బులు సర్దే అట్టపెట్టెలు. అవి మొదటినుంచీ మా వెనక సందులోని షెడ్డు నుంచే వస్తున్నాయి. ఆ షెడ్డులోనే మా పిన్ని, మరికొందరు ఆడవాళ్ళతో కలిసి అట్టలు మడిచి, జిగురు రాసి అతికిస్తుంది.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ, ఇకమీదట గాలికీ నీటికీ చేటు చెయ్యని వాళ్ళ దగ్గరే కొనాలంది. అక్కడ మొదలైంది తిరకాసు. మా సందులోని షెడ్డు పాత కాగితంతో పెట్టెలు చేస్తుంది, పక్కనే ఉంది కాబట్టి లారీ పొగ బాధ లేదు. కానీ జిగురూ రంగులూ కడిగిన నీళ్ళను నేరుగా కాలువలోకి వదిలేస్తుంది. చాలా దూరాన ఒక పెద్ద మిల్లుంది. వాళ్ళు నీళ్ళు శుభ్రం చేసి మళ్ళీ వాడుకుంటారు, కానీ పెట్టెలు రోజంతా లారీలో రావాలి. ఏది మంచిది? తేల్చడానికి మేనేజరమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. నీళ్ళు, పొగ, ధర, వేళకు అందడం, వీటిని రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, ముఖ్యమైనదాని చుట్టూ సున్న చుట్టి, ఎంత ముఖ్యమో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వెయ్యాలి. మిగతా లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. తన భార్య ఆ షెడ్డులో పని చేస్తోందని బాబాయి ముందే చెప్పాడు. షెడ్డుకూ మిల్లుకూ మార్కులు వేసేది వేరేవాళ్ళు, మీరు ఏది ముఖ్యమో చెబితే చాలు అందామె.

ఇక మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. స్నానాల గదిలోంచి కూడా నీళ్ళా పొగా అని అడిగేవాడు. పొద్దున ఆయనకు పొగ కంటే నీళ్ళు ముఖ్యం. మధ్యాహ్నానికి ధర కంటే పొగ ముఖ్యం. సాయంత్రమయ్యేసరికి నీళ్ళ కంటే ధర ముఖ్యం. మీ జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం లేదని కంప్యూటరు తిప్పికొట్టింది. ఆ సంగతి తెలుసుకోవడానికి పిన్నికి పెళ్ళయ్యాక ఏడాది పట్టింది, దీనికి ఒక్క క్షణం పట్టిందని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మళ్ళీ కూర్చుని, ఈసారి మాత్రం తెగించి, నీళ్ళు కనిపించిన ప్రతిచోటా సున్న చుట్టి ఒకటి వేశాడు. ఆయన ఈత నేర్చుకున్నది ఆ కాలువలోనే. ఇప్పుడు దాని పక్కన నడవాలంటే ముక్కు మూసుకోవాలి.

తీరా చూస్తే షెడ్డే గెలిచింది. పిన్ని ఆ సాయంత్రం కూనిరాగం తీస్తూ ఇల్లంతా సర్దింది. నీళ్ళకు అంత విలువిచ్చినా షెడ్డు ఎలా గెలిచిందో బాబాయికి అర్థం కాలేదు, అయినా కలిసొచ్చిందిలే అనుకున్నాడు.

కొన్నాళ్ళకు మేనేజరమ్మ ఎవరికో వివరిస్తుంటే విన్నాడు. తొమ్మిదంటే ఎంతో ముఖ్యమట. ఒకటంటే, పక్కపక్కన పెట్టిన రెండూ సమానమేనట. ఆయన దృష్టిలో ఒకటంటే ఒకటో నంబరు, క్లాసులో ఫస్టు. అన్నిటికంటే గొప్పదని వేసిన అంకె, ఏ గొప్పా లేదని చెప్పింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. చెప్పాలా, ఊరుకోవాలా, చెబితే ఏమవుతుంది, ఊరుకుంటే ఏమవుతుంది అని తనలో తనే గొణుక్కుని, చివరికి పిన్నికి అంతా చెప్పేశాడు. సరిచేస్తే షెడ్డు చేతిలోంచి పని పోతుందనీ చెప్పాడు.

పిన్ని మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంతకీ మీకు నీళ్ళు ముఖ్యమా, కాదా?"

"ముఖ్యమే. సరేగానీ..."

"ఆ గానీ తర్వాత ఉన్నది నేనే కదా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పిన్నే మళ్ళీ అడిగింది. "నీళ్ళకో గడి ఉంది, పొగకో గడి ఉంది. అతికించే చేతులకి ఏ గడి ఉంది?"

"లేదు."

"అయితే పెట్టమనండి. అందులో అంకె మాత్రం మీరు వెయ్యొద్దు, ఇంకెవరితోనైనా వేయించండి. నీళ్ళకి మీరనుకున్నదే వెయ్యండి."

మర్నాడు బాబాయి రెండు సంగతులూ చెప్పాడు. పొరపాటు సంగతి విని మేనేజరమ్మ అంకెలు మళ్ళీ వెయ్యమంది. చేతుల గడి గురించి విన్నాక మాత్రం ఆమె కూడా అయోమయంలో పడింది, ఇన్ని గళ్ళు గీసి ఇదెలా మరిచిపోయామని. గడి పెట్టారు, వేరేవాళ్ళు నింపారు. షెడ్డు బాగా దగ్గరికి వచ్చింది, అయినా మిల్లే గెలిచింది. నీళ్ళు శుభ్రం చేసే ఏర్పాటు చేసుకుంటే మళ్ళీ మీ దగ్గరే కొంటామని షెడ్డు యజమానికి కబురు పంపారు. ఆయన చూద్దాం అన్నాడు. ఆ చూద్దాంకి అర్థమేమిటో మా ఎవరికీ తెలియదు.

ఆఖరి పెట్టెలు పంపిన రోజున పిన్ని ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని బాబాయి పక్కన కూర్చుంది. నా మీద కోపమా అని ఆయన అడిగాడు.

"లేదు. మీరు చేసింది న్యాయమే," అంది పిన్ని. "సరేగానీ..."

అక్కడే ఆగిపోయింది. బాబాయి ఎదురుచూశాడు. జన్మంతా ఆ మాట తర్వాత ఏదో ఒకటి చెబుతూ వచ్చిన మనిషి, ఆమె దగ్గర ఆ తర్వాత ఏముందో తెలియక, ఆమె గోళ్ళలో ఇంకా మిగిలిన జిగురు వంక చూస్తూ ఉండిపోయాడు.